ఉత్తరపు గదికి కట్టెలు

భార్య లొవీనా పేరు కూడా ఇంటి దస్తావేజులోకి ఎక్కించాలి. వచ్చేటప్పుడు పంచదార తేవాలి. ఆ ఉదయం ఆరిన్ పెట్టుకున్న పని అంతే. వెర్మాంట్ కొండల్లో చిన్న ఊరు. ఆస్తి రికార్డులైనా, కుక్కల లైసెన్సులైనా ఊరి గుమాస్తా హెస్టర్ బల్ల దగ్గరే.

"హామీ దస్తావేజా, విడుదల దస్తావేజా, బాబాయ్?" అంది హెస్టర్. "హామీ అంటే ఇంటి మీద ఇంకెవరికీ హక్కు లేదని మీ పూచీ. విడుదలంటే మీకున్నదేదో ఇచ్చేసి చేతులు దులుపుకోవడం."

"హామీయే రాయమ్మాయ్. ఇంట్లో మేమిద్దరం కాక ఇంకెవరున్నారు?"

హెస్టర్ పాత పుస్తకం తిరగేసింది. "మీ జిల్ఫా అత్తయ్య ఉందిగా. ఇల్లు మీకు రాసిచ్చినా, బతికున్నంత కాలం ఉత్తరపు గది తనదే. చలికాలం ఆ గుమ్మంలో మీరు కట్టెలు పెట్టాలి. పెట్టకపోతే ఇల్లు ఎల్విన్‌ది."

"ఆవిడ పోయి ఎన్నేళ్లయింది! శవపేటిక మోసినవాణ్ణి."

"పక్క రాష్ట్రం ఆసుపత్రిలో పోయింది. మా రికార్డులో ఇంకా పోలేదు."

చిన్నాన్న కొడుకు ఎల్విన్ కుక్క లైసెన్సు కోసం వెనకే నిలబడ్డాడు. "అయితే అత్తయ్యని చలికి వదిలేశావన్నమాట, అన్నయ్యా! రేపు వచ్చి చూస్తా. కట్టెలు లేవో, ఇల్లు నాదే."

మరణపత్రం పక్క రాష్ట్రం నుంచి రావాలి. అందాకా తప్పదని ఆరిన్ గొణుక్కుంటూ ఉత్తరపు గుమ్మంలో మేపుల్ కట్టెలు పేర్చాడు. తెల్లారేసరికి కట్టెలు లేవు. ఆ గది పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. మంచు మీద అడుగు జాడ లేదు. ఇదంతా లొవీనా పనే అనుకున్న ఆరిన్, ఆమె తెలివికి ముచ్చటపడి మళ్లీ పేర్చాడు.

ఎల్విన్ వచ్చాడు. "ఎవరి చెవిలో పువ్వు పెడదామని?" అంటూ ఉత్తరపు గది తలుపు తోశాడు. పొయ్యి మండుతోంది. కప్పులో టీ పొగలు కక్కుతోంది. కుర్చీ ఊగుతోంది, ఎవరో ఇప్పుడే లేచినట్టు. కాదు, ఇంకా లేవనట్టు.

ఎల్విన్ టోపీ తీశాడు. "క్షమించు అత్తయ్యా" అని వెనక్కి వెనక్కి నడిచి, తిన్నగా హెస్టర్ దగ్గరికి పోయి తన హక్కు వదులుకుంటూ సంతకం పెట్టాడు.

"భలే నాటకం ఆడావే!" అన్నాడు ఆరిన్ ఆ రాత్రి లొవీనాతో, సూప్ తాగుతూ.

లొవీనా చేతిలో చెంచా ఆగిపోయింది. "నేనా? అదంతా నువ్వు కాదూ?"

ఉత్తరం వైపు గోడ అవతల కుర్చీ కిర్రుమంది.

మరణపత్రం రాగానే ఆరిన్ ఆఫీసుకు పట్టుకెళ్లాడు.

"ఇంకేం బాబాయ్, పీడ వదిలింది. హామీ దస్తావేజు రాసేద్దామా?"

"విడుదలే రాయమ్మాయ్," అన్నాడు ఆరిన్. "ఇంట్లో ఇంకెవరూ లేరని పూచీ పడలేను."