టోపీలోంచి వచ్చిన స్వాతంత్ర్యం

ఆ శనివారం పొద్దున్న ఫెర్గస్ లెకీ పెట్టుకున్న పనులు రెండే. పెరటి కంచె మొక్కలు కత్తిరించడం, సాసేజ్ పెట్టిన బన్ను తిని ఓ కునుకు తీయడం. కిర్క్‌బ్రే ఊళ్ళో ఆ సెప్టెంబరులో ఇంత ప్రశాంతంగా ఆలోచిస్తున్న మనిషి ఇంకొకడు లేడు. స్కాట్లాండు స్వతంత్ర దేశం కావాలా వద్దా అని త్వరలో ఓటు. ఊరు అవునువాళ్ళు, కాదువాళ్ళు అని నిలువునా చీలిపోయింది.

లెకీ గారిల్లూ చీలింది. విత్తనం బంగాళాదుంపలు అమ్ముకునే ఫెర్గస్‌ది 'కాదు' పక్షం. హైస్కూల్లో చరిత్ర చెప్పే అతని భార్య ఇష్బెల్‌ది 'అవును' పక్షం. వసంతంలో ఒకరోజు జావ తాగుతూ మొదలెట్టిన వాదన ముదిరి ముదిరి, ఆవిడ పెట్టె సర్దుకుని అక్కగారింటికి బయల్దేరేదాకా వచ్చింది. గుమ్మం దగ్గర రాజీ కుదిరింది. ఓట్లయ్యేదాకా ఇంట్లో ఆ ఊసెత్తకూడదు. ఇంకోసారి పెట్టె కదిలితే మనిషి తిరిగి రాదని ఫెర్గస్‌కి లోపల గట్టి భయం.

కత్తెర చేతిలోకి తీసుకున్నాడో లేదో డూగల్ రాంకిన్ ఊడిపడ్డాడు. మాంసం కొట్టు అతనిది, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్బుకి అధ్యక్షుడూ అతనే. పచ్చి కాదువాడు. చేతిలో టోపీ, టోపీలో రెండు చీటీలు.

"తియ్యరా ఒకటి. సాయంత్రం క్లబ్బులో వాదన. మాట్లాడాల్సినవాడు నిచ్చెన మీంచి పడ్డాడు."

"నా కొంపకెందుకురా నిప్పు పెడతావు? ఇష్బెల్ సంగతి నీకు తెలీదా?"

"ఏటా జరిగేదేగా! చీటీలో ఏది వస్తే అది వాదించాలి. సొంత అభిప్రాయం కోటుతోపాటు కొక్కేనికి తగిలించి రావాలి. ఏ పక్షం వచ్చిందో వేదికెక్కేదాకా పెళ్ళానిక్కూడా చెప్పకూడదు, నాక్కూడా చెప్పకు. రెండో చీటీ పాస్టరు గారికిస్తాను."

రాంకిన్ వెళ్ళాక ఫెర్గస్ చీటీ విప్పాడు. 'అవును. ఆర్థికంగానూ, రాజ్యాంగపరంగానూ' అని ఉంది. బాగా మాట్లాడితే క్లబ్బువాళ్ళు పార్టీ ఫిరాయించాడంటారు. చెత్తగా మాట్లాడితే, ముందు వరసలో కూర్చునే ఇష్బెల్ తన నమ్మకాన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాడంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కనీసం నాలుగు విషయాలైనా తెలియాలి గదా అని వ్యాను తీసుకుని పెద్ద వీధిలో అవునువాళ్ళ ప్రచారం కొట్టుకి వెళ్ళాడు. అక్కడుండే షీనా అతన్ని చూడగానే పరుగెత్తుకొచ్చి కావలించుకుంది.

"వచ్చారా ఫెర్గస్ గారూ! ఎప్పటికైనా వస్తారని నాకు తెలుసండీ!"

"రాలేదమ్మా, నేను రాలేదు. కాగితాలేవైనా ఉంటే ఇస్తావని..."

"సిగ్గుపడకండి. మొదట్లో అందరూ ఇలాగే అంటారు."

చంకనిండా కరపత్రాలు పెట్టి పంపింది. దారిపొడవునా ఎన్నడూ పలకరించనివాళ్ళు చేతులూపుతున్నారు, స్నేహితులు మొహం తిప్పుకుంటున్నారు. మాంసం కొట్టు ముందు రాంకిన్ వ్యానుకి అడ్డం నిలబడ్డాడు.

"ఏరా, మారిపోయావా? చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగినవాళ్ళం, ఒక్క మాటైనా చెప్పావా?"

దిగి చూస్తే వ్యాను వెనక 'అవును' అని బారెడు పోస్టరు. షీనా అంటించేసింది! చీటీ సంగతి చెప్పకూడదు, చెప్పకపోతే పరువు దక్కదు. ఏం చెయ్యాలో తోచక ఫెర్గస్ నడివీధిలో ఆ పోస్టరుని పరపరా చింపేశాడు. ఇటు రాంకిన్ నమ్మలేదు, అటు షీనా గుమ్మంలోంచి చూసి నోరు నొక్కుకుంది.

ఇంటికొచ్చి కరపత్రాలు వంటింటి బల్ల మీద పరిచాడో లేదో వీధి తలుపు చప్పుడైంది. ఇష్బెల్! ఇవి కనబడితే రాజీ భంగమే. చేతికందిన ఓవెన్ తెరిచి మొత్తం లోపల కుక్కేశాడు. ఆదివారం తప్ప దాన్ని వెలిగించరు గదా అని ధైర్యం. ఏమీ ఎరగనట్టు కంచె దగ్గరికి పోయాడు.

ఆ శనివారమే ఆవిడకి కైమా మీద దుంపల ముద్ద కప్పి కాల్చాలని బుద్ధి పుట్టింది. మనసు బాగాలేనప్పుడే ఇష్బెల్ అలా వంటలు పెట్టుకుంటుంది. ఫెర్గస్ పొగ చూసి పరుగెత్తేసరికి ఆవిడ మాడిన కాగితం ఒకటి పటకారుతో పట్టుకుని నిలబడి ఉంది.

"నడివీధిలో పోస్టరు చింపావని షీనా ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. ఇప్పుడు ఇంట్లో తగలబెడుతున్నావా?"

"అది కాదు ఇష్బెల్..."

"నీకు వద్దనుకుంటే వద్దని ఓటెయ్యి. మావాళ్ళ మాటలు చదవడానిక్కూడా పనికిరావా?"

నోటిదాకా వచ్చిన నిజాన్ని ఫెర్గస్ మింగేశాడు. క్లబ్బు రూలు కూడా ఒక రూలేనా అని ఆ క్షణంలో తోచలేదు పాపం. ఆవిడ మేడ మీదికి వెళ్ళింది. పెట్టె చప్పుడు వినబడుతుందేమోనని మధ్యాహ్నమంతా మెట్ల కిందే తచ్చాడాడు.

సాయంత్రం క్లబ్బు కిటకిటలాడింది. హాల్లో అవునుకెందరో కాదుకెందరో ముందు ఓసారి చేతులెత్తించి లెక్కపెట్టారు. ఫెర్గస్ దగ్గర ఒక్క కాగితమూ లేదు. రాంకిన్ లేచి అతనివంక చూడకుండా ప్రకటించాడు.

"పాస్టరు గారికి గొంతు పూడుకుపోయింది. పొద్దున్న ఆ చీటీ మన ఇష్బెల్ చెల్లెమ్మకిచ్చాను. అవును పక్షం ముందు మాట్లాడాలి."

ఇష్బెల్ కదల్లేదు. ఫెర్గస్ లేచాడు. ఆవిడ కళ్ళు ఇంతింతయ్యాయి.

నోరు తెరిస్తే ఏం రావాలి? రాజీకి ముందు జావ గిన్నె దగ్గర ఇష్బెల్ నోట విన్న మాటలే వచ్చాయి.

"మన పన్నులు లండన్ పోయి చేతిఖర్చుగా తిరిగొస్తున్నాయి. సంపాదించే ఇల్లాలికి మొగుడు చిల్లర లెక్కపెట్టి ఇచ్చినట్టు! చేపలున్నాయి, చమురుంది, గాలుంది, విస్కీ ఉంది. మనకంటే చిన్న దేశాలు బతకడం లేదా? మనం ఓటేసేది ఒకరికి, ఏలేది ఇంకొకరు. అధికారం జనానిదని మన పూర్వులన్నారు, పార్లమెంటుదని వాళ్ళంటారు. అధికారం ఎవరిదో తేల్చి రాసిపెట్టిన రాజ్యాంగం ఒక్కటైనా ఉందా?"

చివర్న ఇష్బెల్ లాగే బల్ల గుద్దాడు కూడా. క్లబ్బు మిత్రులు గుర్రుగా చూస్తున్నారు. అతనికి వాళ్ళెవరూ కనబడలేదు.

తర్వాత ఇష్బెల్ లేచింది.

"మా ఆయన దుంపలు కొనేదెవరు? సరిహద్దు అవతలి రైతులు. రేపు లండన్ వాళ్ళు పౌండు మనకివ్వం అంటే ఏం చేస్తాం? ఇచ్చినా, ఒకరి డబ్బుతో నడిచే దేశానికి స్వతంత్రమెక్కడిది? బ్యాంకు మునిగితే ఎవరు ఆదుకుంటారు? ముందు విడిపోదాం, రాజ్యాంగం తర్వాత రాసుకుందాం అంటే, పొయ్యి వెలిగించాక సరుకులకి బయల్దేరడమే!"

ఫెర్గస్‌కి ఒక్కసారిగా తెలిసింది. ఇవన్నీ తన మాటలు. గోడకి చెప్పుకున్నాననుకుని ఎన్నిసార్లు విసుక్కున్నాడు! ఒక్క ముక్క పోకుండా దాచుకుంది. తనకంటే బాగా చెప్పింది.

"ఇప్పుడు ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు చేతులెత్తండి," అన్నాడు రాంకిన్. హాల్లో మొదట ఎత్తినవాళ్ళే మళ్ళీ ఎత్తారు. అంత వాగ్ధాటికీ ఒక్క చెయ్యి అటుదిటు కాలేదు. వేదిక మీద మాత్రం అవునుకి ఫెర్గస్ చెయ్యి లేచింది, కాదుకి ఇష్బెల్ చెయ్యి లేచింది.

"ఒరేయ్, వాదన అయిపోయిందిరా! ఇది నిజం ఓటు!" అని రాంకిన్ అరిచాడు.

"తెలుసు," అన్నాడు ఫెర్గస్.

ఇంటిదారిలో కాగితాల కథంతా చెప్పాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక నడిరోడ్డు మీద ఆగిపోయింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. పెట్టె ఇక కదలదని అతనికి అప్పుడు ధైర్యమొచ్చింది.

"అంత బాగా చెప్పావు, పౌండు సంగతి మాత్రం ఎగ్గొట్టావేం?" అంది.

"ఎగ్గొట్టలేదు. దానికి జవాబుంది, విను," అన్నాడు ఫెర్గస్ ఉత్సాహంగా.

కిర్క్‌బ్రేలో ఆ సాయంత్రం మనసు మార్చుకున్నవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కావడంతో దేశం లెక్కలో తేడా ఏమీ రాలేదు.