ఎండిన సరస్సులో పాడు తప్పిన పడవ

"జాతి నాశనం ఫోనులో మొదలవుతుంది! దాన్ని మన మూలకుప్పంలోనే అడ్డుకోవాలి!" అని మా పెద్దకాపు ముత్యాలయ్య గారు వేసవి మొదట్లో ప్రకటించారు. దేశాన్ని కాపాడే బాధ్యత పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా చేపల ఊరి మీద పడినందుకు మాకు గర్వంగానే అనిపించింది. అంతకు ముందు ఆ బాధ్యత ఎవరు చూసుకునేవారో ఎవరూ అడగలేదు.

మా వైపు చేపల ఊళ్ళలో కాపు అంటే కులం కాదు, పదవి. ఊరి పెద్ద అన్నమాట. ఆయన నలుగురినీ కూర్చోబెట్టి వేసే ఆజ్ఞను దురాయి అంటారు. దురాయి పడిందంటే పోలీసులూ కోర్టులూ అన్నీ దాని తర్వాతే. ఈసారి పడిన దురాయి ఏమిటంటే, ఊళ్ళో ఎవరూ ఫోనులో ఆటలాడరాదు. చదువుకునే పిల్లలందరూ తమ ఫోన్లను, లాకులు తీసి మరీ, పెద్దకాపు గారి బీరువాలో అప్పగించాలి. సముద్రంలో వేట మొదలైన రోజున వాటిని తిరిగి ఇస్తారు.

సమయం కూడా బాగా చూసుకున్నారు. సముద్రంలో సర్కారు వారి వేట నిషేధం. సరస్సేమో ఎండిపోయి, గొర్రెలు తిరుగుతున్నాయి. పడవలు ఇసుక మీద బోర్లా పడి ఉన్నాయి. మగవాళ్ళకు వలలు బాగుచేసుకోవడం, ఆవులించడం తప్ప వేరే పని లేదు. పెద్దవాళ్ళు అంత కష్టపడి ఆవులిస్తుంటే పిల్లలు మాత్రం సంతోషంగా ఎందుకుండాలి?

నా పేరు మధుబాబు. ఊళ్ళో ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. ఫోన్లన్నీ బీరువాలోకి వెళ్ళాక నేనూ ఆవులించేవాళ్ళలో చేరాను.

ఈ దురాయి దెబ్బ అందరికంటే గట్టిగా తగిలింది రోజారమణికి. ఆమె ముత్యాలయ్య గారి తమ్ముడి కూతురు, సూళ్ళూరుపేటలో డిగ్రీ చదువుతోంది. మేం దీవి ఆట అని పిలిచే ఆన్‌లైన్ ఆట ఒకటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఒకే దీవిలో దిగి, పెట్టెలు దోచుకుని, ఒకరి మాటలొకరికి వినిపిస్తుండగానే ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరిదాకా మిగిలినవాళ్ళకు నక్షత్రాలు. సీజను ముగిసేలోగా నక్షత్రాలు నిండితే ఒక బంగారు పడవ, పేరు పక్కన 'సాగర సార్వభౌమ' అని బిరుదు ఇస్తారు. ఆ సీజను దాటితే ఆ పడవ మళ్ళీ రాదు. రోజా ఒక్క రోజు కూడా మానకుండా ఆడి, పడవకు కాస్త దూరంలో ఉండగా దురాయి పడింది.

"పెదనాయనా, సీజను అయిపోయేదాకా నా ఫోను ఉండనీ. అయిపోతానే నేనే తెచ్చిస్తా," అని బతిమాలింది.

"సీజనంట సీజను! మనకుండేది రొయ్యల సీజను, చేపల సీజను. ఇదేం సీజను మే?"

"మార్కులు తెచ్చినా ముత్యాలయ్య తమ్ముని కూతురంటారు, ముగ్గేసినా ముత్యాలయ్య తమ్ముని కూతురంటారు. అదొక్కటే పెదనాయనా నా పేరుతో ఉండాది. ఆ పడవ పైన నా పేరు రాస్తారు."

ఆ మాటకు ఎవరి గుండె అయినా కరుగుతుంది. ముత్యాలయ్య గారి గుండె పదవిలో ఉంది కాబట్టి కరగలేదు. ఫోను బీరువాలోకి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే ఆయన నన్ను ఇంటికి పిలిపించారు. తలుపు వేసి, గొంతు తగ్గించి, "ఒరే మధూ, నిషేధం పెట్టినోడికి ఆ పాపం ఎంత లోతుండాదో తెలవాలి గదా. నాకా ఆట చూపీ," అన్నారు.

"కొత్తగా ఒక పేరు పెట్టి మొదలుపెడదాం మామా," అన్నాను.

"మొదట్నించీ పాపం చేసేదెందుకురా? సగం చేసిన పాపం బీరువాలో ఉండాది గదా!"

అలా రోజా ఫోను బీరువాలోంచి ఆయన చేతిలోకి వచ్చింది. తక్కువ శ్రమతో ఎక్కువ నక్షత్రాలు సంపాదించే మార్గం ప్రపంచంలో చాలామంది వెతుకుతున్నారు. వేరేవాళ్ళు సంపాదించిన వాటిని స్వాధీనం చేసుకోవడమనే మార్గం మాత్రం మా పెద్దకాపు గారికే తట్టింది!

ఆ రోజు నుంచి ఆయనకు మధ్యాహ్నం ధ్యానం అలవాటైంది. భోజనం కాగానే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవారు. ఆయన భార్య నాగులమ్మ గారు గడపలో కూర్చుని, ఎవరొచ్చినా "ధ్యానంలో ఉండాడు" అనేది. లోపల్నించి తుపాకుల మోత వినిపించేది. వచ్చినవాళ్ళు ఆ మోతకే దండం పెట్టి వెళ్ళిపోయేవారు.

ఆయనకు సాయంగా కూర్చునే యోగం నాది. ఆటలో ఇచ్చే రోజువారీ పనుల్లో చేపలు పట్టడం కూడా ఒకటి. దానికాయన ఒప్పుకునేవారు కాదు. "గాలికి ఎదురుగా వల ఎవుడన్నా యిసురుతాడా? వీళ్ళకు పెద్దోళ్ళు లేరా?" అని ఆటను తయారుచేసినవాళ్ళ మీద మండిపడేవారు. తిట్టడం కాగానే వేలితో నొక్కి చేపలు పట్టుకునేవారు.

ఒకరోజు ఆట మధ్యలో అవతలి శత్రువు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు వినగానే మా పెద్దకాపు గారు తుపాకి దించేశారు.

"ఎవురది? పోలేరయ్య బావేనా?"

పోలేరయ్య గారు పక్కనే ఉన్న ఇసకకుప్పానికి పెద్దకాపు. వాళ్ళ ఊళ్ళోనూ ఇదే దురాయి, ఇలాంటిదే ఒక బీరువా.

అటు నుంచి "కాదు," అని వినిపించింది.

"అట్టయితే నేను కూడా ముత్యాలయ్యను కాదులే," అన్నారు మా మామ.

ఇలా ఒకరినొకరు గుర్తుపట్టకుండా ఉండటానికి ఒప్పుకున్నాక ఇద్దరూ అసలు విషయానికి వచ్చారు. ఆ దీవిలో తూర్పు రేవు దగ్గరే మంచి పెట్టెలుంటాయి. అందరూ అక్కడే దిగుతారు, అక్కడే చస్తారు. ఈ అనాగరికం మా పెద్దలకు నచ్చలేదు. మా సరస్సులో చేపలు బాగా పడే చోట్లు కొన్నే. కొట్టుకోకుండా ఊళ్ళు వంతులు వేసుకుంటాయి. ఆ వంతునే పాడు అంటాం. ఒక ఊరి పాడు రోజున రెండో ఊరు ఆ నీళ్ళలో కాలు పెట్టదు. అదే పాడును ఇప్పుడు తూర్పు రేవుకూ పెట్టారు! ఒకరోజు మా మామ దిగి పెట్టెలు తీసుకుంటే పోలేరయ్య గారు ఒడ్డున నిలబడి తల అప్పగించేవారు. మర్నాడు ఈయన తల అప్పగించేవారు. పగా లేదు, పంతమూ లేదు. ఇద్దరికీ నక్షత్రాలు వల నిండా పడ్డాయి.

ఏ దేశంవాడో తెలియని కుర్రాడెవడైనా మధ్యలో దిగితే మాత్రం ఆయనకు ఒళ్ళు మండేది. "ఒరే! ఎవుర్రా నువ్వు? ఇయ్యాల మా పాడు! మీ ఊరి పెద్దకాపు ఎవుర్రా?" అని ఫోనులోకి కేకలేసేవారు. ఆ కుర్రాడు వాళ్ళ పెద్దకాపు పేరు చెప్పకుండానే ఈయన్ని కాల్చేసి పోయేవాడు.

సీజను ఆఖరి రోజు వచ్చింది. మా మామకు ఒక్క నక్షత్రం తక్కువ, పోలేరయ్య గారికీ ఒక్కటే తక్కువ. ఆ రోజు పాడు ఇసకకుప్పానిది. మా మామ చాలాసేపు ఆలోచించారు. పాడు తప్పడమంటే మా వైపు దొంగతనం కంటే పెద్ద నేరం. తర్వాత ఆయన తూర్పు రేవులో దిగి, పెట్టె తెరుస్తున్న బావను వెనక నుంచి కాల్చారు. కాల్చేటప్పుడు కళ్ళు మూసుకున్నారు, ధ్యానం కదా!

బంగారు పడవ వచ్చేసింది.

వేట నిషేధం ముగిసిన రోజు పొద్దున్నే ఇసకకుప్పం పెద్దలు వచ్చి పడ్డారు. చేపలు వేలం వేసే షెడ్డులో రెండూళ్ళూ కూర్చున్నాయి. పోలేరయ్య గారు లేచి, "మా పాడు దినాన మీ పడవ మా రేవులో దిగింది. న్యాయం చెప్పండి!" అన్నారు.

మా ఊరి చంద్రమౌళి తాతకు అర్థం కాలేదు. "ఏ రేవు అబ్బయా? సరస్సులో గొర్రెలు మేస్తుండాయి. సముద్రంలోకి పోతే బోట్లు గుంజుకుంటారు. పడవ యాడ దిగింది?"

"నీళ్ళ సంగతి వొదిలెయ్ తాతా. పాడు పాడే."

"నీళ్ళు లేకుండా పాడెట్టా?"

పోలేరయ్య గారు గొంతు తగ్గించారు. "ఫోనులో... దీవి ఆటలో. మా ఊరి పిల్లకాయ ఎవుడో ఆడతా ఉంటే, ఆపదామని పోయి చూసినా. ఆ పడవ పైన రోజా అని పేరుండాది."

అందరూ ముత్యాలయ్య గారి వైపు చూశారు. ఆయన తడుముకోలేదు. "అయితే ఆడింది రోజానే!" అన్నారు.

"ఆ బిడ్డ ఫోను మీ బీరువాలో గదా ఉండాది పెద్దకాపూ?" అన్నాడు తాత.

"అదే గదా నేను మొదట్నించీ చెప్తుండేది! ఈ కాలం పిల్లకాయలు ఫోను లేకుండా కూడా ఆడతారు. ఇదెంత ప్రమాదమో ఇప్పుడైనా తెలిసిందా?"

"నిజమే బావా, శానా ప్రమాదం," అన్నారు పోలేరయ్య గారు వెంటనే. రోజా కాకపోతే ఇంకెవరనే ప్రశ్న తన ఊరి దాకా వస్తుందని ఆయనకు అర్థమైపోయింది. రెండూళ్ళ పెద్దలూ అంత తొందరగా ఏకమైంది నా ఎరుకలో అదే మొదలు. రోజా దురాయిని మీరింది, పాడు తప్పింది. సభలో సాష్టాంగపడి తప్పు ఒప్పుకోవాలి. తీర్పు అయిపోయింది! నిజం తెలిసినవాణ్ణి నేనొకణ్ణి ఉన్నాను గానీ, నా కొట్టు కూడా ఆ ఊళ్ళోనే ఉంది.

రోజా వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. తీర్పంతా విని, చున్నీ నడుముకు చుట్టుకుని, ఇసుకలో సాష్టాంగపడి లేచింది.

"తప్పే. నేనే ఆడినా. పాడు తప్పినా," అంది. "ఆడింది నేనే అని రెండూళ్ళూ తేల్చినాయి గాబట్టి ఆ బంగారు పడవ గెలిచింది కూడా నేనే. వేట మొదలైంది. నా ఫోను ఇప్పించండి పెదనాయనా."

తీర్పు చెప్పిన నోళ్ళు కాదనలేకపోయాయి. నాగులమ్మ గారు ఇంటికి వెళ్ళి ఫోను తెచ్చి ఇచ్చింది. రోజా దాని మీద వేలు పెట్టింది. తెరుచుకోలేదు. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఊహూఁ! లాకు తీసి అప్పగించిన ఫోనుకు కొత్త లాకు పడి ఉంది.

ఆమె నేరుగా పెద్దకాపు గారి ముందుకు వెళ్ళి ఫోను చాపింది. "రవంత మీ బొటనేలు పెట్టండి పెదనాయనా."

ఆయన సముద్రం వైపు చూశారు. ఈసారి అక్కడ ఏ నిషేధమూ లేదు. చివరికి బొటనవేలు పెట్టారు. ఫోను తెరుచుకుంది. బంగారు పడవ మెరిసింది, దాని మీద 'రోజా, సాగర సార్వభౌమ' అని ఉంది.

"చూసినారా!" అన్నారు ముత్యాలయ్య గారు గొంతు పెంచి. "ఈ ఫోన్లు ఎవురు వేలు పెట్టినా తెరుచుకుంటాయి! అందుకే వీటిని నిషేధించమంటుండా!"

రోజా ఫోను మళ్ళీ మూసి పోలేరయ్య గారి ముందు పెట్టింది. "మామా, నువ్వు కూడా పెట్టు, చూద్దాం."

"నాది దీనికెట్టా తెరుచుకుంటుంది మే?" అన్నారాయన చిరాగ్గా. "నా వేలు ఎక్కించుకుంది మా మేనల్లుడు వెంకటేష్ ఫోనులో గదా!"

వెనక వరసలోంచి వెంకటేష్ లేచి, తన ఫోను కోసం చెయ్యి చాపుకుంటూ ముందుకు వచ్చాడు.