నలభై మూడో వరస

ఇకమీదట శాఖలో ఏ విషయమైనా ఒక్క పేజీలో ఇమడాలనీ, ఇమడనిది విషయమే కాదనీ కొత్త డైరెక్టరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వు నాలుగు పేజీలు వచ్చింది. పెద్దవాళ్ళ మాట విస్తారంగా ఉండడం సహజం కనుక దాన్నెవరూ తప్పుపట్టలేదు.

అమలుచేసే భారం కంప్యూటర్ గుమస్తా మీద పడింది. ఆఫీసులో ఆమెను అందరూ కొలతలక్క అనేవారు. ఎంత వెడల్పు పట్టికనైనా కాగితం మీద కుదించి కూర్చోబెట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. అంచులు తగ్గించేది, కాగితం అడ్డంగా తిప్పేది, అక్షరాల సైజు నూటికి డెబ్బైకి దించేది, అప్పటికీ కుదరకపోతే అరవైకి.

ఇంటి విషయంలో మాత్రం ఆమెకు ఏదీ కుదరలేదు. ఆమె భర్తదీ ఇదే శాఖ, ఇదే హోదా. కానీ పదకొండేళ్ళుగా ఆయన ఉద్యోగం రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఊళ్ళో. నెలకోసారి వచ్చేవాడు. వచ్చేరోజు ఆమె గంట ముందే బస్టాండుకు చేరేది. వెళ్ళేరోజు, బస్సు మలుపు తిరిగాక కూడా ఇంకో గంట అక్కడే ఉండేది, ఏదైనా మరచిపోయి దిగి వస్తాడేమోనని. ఆయన ఎప్పుడూ ఏదీ మరచిపోలేదు.

ఏటా ఇద్దరూ బదిలీకి దరఖాస్తు పెట్టుకునేవారు. బదిలీల పట్టికలో ‘భార్య లేక భర్త పనిచేసే చోటు’ అన్నది ఆఖరి కాలమ్. అచ్చు తీస్తే అదెప్పుడూ రెండో పేజీలో పడేది. రెండో పేజీల మీద అటెండరు టీ గ్లాసులు పెట్టేవాడు. “అక్కా, ఈ ఏడాది కాగితం మంచిది. టీ ఒలికినా బల్లకి అంటలేదు,” అని మెచ్చుకునేవాడు కూడా. ఆ విధంగా ఎవరు ఎవరికి దూరంగా ఉన్నారో బదిలీల కమిటీకి పదకొండేళ్ళు తెలియలేదు. తెలియని విషయంలో కమిటీ ఏం చేస్తుంది, పాపం.

ఒక్క పేజీ ఉత్తర్వు చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఉన్నది ఒక్క పేజీయే అయితే ఆఖరి కాలమ్ కూడా అందులోనే ఉండక తప్పదు గదా. మొత్తం పట్టికను నూటికి ముప్ఫై ఎనిమిదికి దించి అచ్చు తీసింది. అన్నీ ఇమిడాయి.

డైరెక్టరుగారు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. “ఇవి అక్షరాలా, చీమలా?”

భూతద్దం కొనడానికి ముగ్గురు సభ్యులతో సంఘం వేశారు. భూతద్దం వచ్చింది. దాంతో ఆయన భోజనానికి ముందు రెండు పేర్లు, తరవాత ఒక పేరు చదివి, తలనొప్పి వచ్చి ఇంటికెళ్ళారు. మర్నాడు సవరణ వచ్చింది: అక్షరాలు కనబడాలి, అనవసరమైన కాలమ్‌లు కనబడకూడదు. అనవసరమైనది ఏదని కమిటీ కూర్చుని ఆలోచిస్తే, ఆఖరిదాన్ని ఇంతవరకూ ఎవరూ చూసినట్టు లేదని తేలింది. దాన్ని దాచేశారు.

వెడల్పు కుదిరింది. ఇక పొడుగు. పట్టికలో నలభై మూడు వరసలు. అడుగున డైరెక్టరుగారి సంతకానికి నాలుగు వేళ్ళ జాగా వదలాలి, ఎందుకంటే ఆ సంతకం రెక్కలు చాచిన కొంగలా ఉంటుంది. పోగా నలభై రెండే పట్టాయి.

నలభై రెండో వరస ఆమె భర్తది. నలభై మూడోది ఆమెది. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ పక్కపక్కన ఉంటూ వచ్చిన చోటు అదొక్కటే. పేజీ సరిగ్గా అక్కడే తెగింది.

“సంతకం కాస్త చిన్నది చేస్తే ఇంకో వరస పడుతుందండీ,” అంది ఆమె, గుమ్మం దగ్గరే నిలబడి.

“అమ్మా, సంతకమంటే ప్రజల నమ్మకం. నమ్మకాన్ని కుదించమంటావా? నలభై రెండు మందిని కడుపులో పెట్టుకున్న కాగితం ఒక్కరిని పెట్టుకోలేకపోయిందంటే లోపం కాగితంలో ఉందా, ఆ ఒక్కరిలో ఉందా? ఆలోచించు.”

ఆలోచించింది. చివరి రెండు వరసలనూ కలిపి ఒకే గడి చేసింది. ఇలా కలిపితే పైనున్నది మాత్రమే మిగులుతుంది, కిందిది పోతుంది, సరేనా అని కంప్యూటర్ అడిగింది. సరే అంది. ఆయన పేరు మిగిలింది. దాని కింద తన పేరు మళ్ళీ కొట్టి చూస్తే గడి పొడుగై, కొంగ కాళ్ళు రెండో పేజీలోకి జారాయి. చెరిపేసి భర్తకు ఫోను చేసింది.

“ఏమండీ, ఇద్దర్నీ ఒకే గడిలో పెట్టాను. నా పేరు పోయింది, మీదే ఉంది.”

“నాదుంటే నీదున్నట్టేగా.”

“అంతేనంటారా?”

“ఇంటి తలుపు మీద బోర్డు నా పేరుతోనే ఉంది. నువ్వు లోపల ఉండటం లేదూ?”

నిజమేననిపించింది.

అంత నీటైన కాగితం శాఖ చరిత్రలో లేదని డైరెక్టరుగారు పొంగిపోయి, కొంగను ఎగరేశారు. ఆమె పేరు పోయినచోట ఖాళీ కనబడడంతో భర్తకు ఆమె ఆఫీసుకే బదిలీ అయింది. ట్రంకుపెట్టెతో దిగాడు. పట్టిక ప్రకారం ఆఫీసులో ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే, కంప్యూటర్ దగ్గరిది. అందులో కూర్చోబెట్టారు. హాజరు పట్టీ కూడా అదే పట్టికలోంచి తీస్తారు కాబట్టి ఆమెకు సంతకం పెట్టే చోటు లేకపోయింది.

“పట్టికలో లేని మనిషిని చేర్చుకుంటే మళ్ళీ రెండో పేజీ పుడుతుంది,” అన్నారు డైరెక్టరుగారు, ఎంతో బాధపడుతూ.

భర్త తీసిన మొదటి అచ్చు పంతొమ్మిది పేజీలు వచ్చింది, పేజీకో కాలమ్ చొప్పున. అందుకని ఆమె రోజూ అన్నం క్యారియరుతో వచ్చి, ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, పట్టికలు కుదించి పెట్టి వెళ్తోంది. ఏడాది చివర సభలో ఆయనకు శాలువా కప్పారు. అటెండరు ఇప్పుడు ఆమెను అక్కా అనడు, “సారుగారి ఇంటావిడ” అంటాడు. “ఆఫీసులో కూడా మొగుడి పక్కనే, పెట్టిపుట్టావమ్మా,” అంది పక్కింటావిడ. ఆమె కాదనలేదు. బస్టాండుకు వెళ్ళే పని తప్పింది, అది మాత్రం నిజంగా సుఖమే.

గడిలోంచి పోయిన ఆ పేరేమిటని ఆఫీసులో ఎవరూ అడగలేదు. ఇక్కడిదాకా చదువుకుంటూ వచ్చారు, మీరు మాత్రం అడిగారా?