సిటీ హాల్ బోరుకు కొబ్బరికాయ

ఆ పొద్దున కృష్ణకుమారి వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. సిటీ హాల్ వెనక బోరు బండి పరీక్షకు ఒక బోరు వేస్తుంది, లోపల ఆమె కౌన్సిల్‌ను ఒప్పిస్తుంది. అమెరికాలో నేపర్‌విల్ పక్కనున్న ఆ చిన్న ఊరికి ఆమె ఇంజనీరు. భూమి లోతున చలికాలంలోనూ వెచ్చదనం ఉంటుందనీ, దాన్ని గొట్టాల్లోని నీళ్లతో పైకి తెచ్చి సిటీ హాలునూ, లైబ్రరీనీ వేడి చేయవచ్చనీ రెండేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుని చెబుతోంది. ఇవాళ ఓటు పడకపోతే అదంతా బూడిదలో పోసిన పన్నీరే.

బోరు బండి చూడాలని వెంట వచ్చిన తండ్రి ఈశ్వరయ్య రిటైరైన లెక్కల మాస్టారు.

"నాన్నా, కార్‌లోనే కూర్చోండి. హీటర్ ఆన్ చేసి ఉంచా."

"నా సంగతి వదిలెయ్యమ్మా. నువ్వెళ్లి ప్రెజెంటేషన్ చూసుకో."

ఆమె అటు వెళ్లగానే ఆయన కోటు జేబులోంచి కొబ్బరికాయ తీశాడు. బోరు బండివాళ్లు కాఫీకి వెళ్లారు. పసుపూ కుంకుమా లేకుండా బోరు వేయడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మంచు మీద పసుపు చల్లితే గాలికి బారెడు గీతగా పడింది. పక్కనే కుంకుమ ఎర్రగా పరుచుకుంది. కాయ సమంగా పగిలింది. ఇక ఢోకా లేదనుకుని కార్‌లో కూర్చుని కునుకు తీశాడు.

ఆ దేశంలో తవ్వే చోట నేల మీద రంగులతో గుర్తులు పెడతారు. పసుపు గీతుంటే కింద గ్యాస్ లైన్, ఎరుపుంటే కరెంటు. కాఫీ తాగి వచ్చిన ఫోర్‌మన్ డేవ్ ఆ రెండూ చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకుని గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్లు ముందు జాగ్రత్తగా ఆ వీధి మొత్తానికి గ్యాస్ కట్టేశారు. రెండు ఫైరింజన్లు కూడా వచ్చాయి.

లోపల హారిస్ అనే కౌన్సిల్ సభ్యుడు ఈ పథకాన్ని ఎప్పటిలాగే ఉతికేస్తున్నాడు. "గ్యాస్ మనల్ని ఏనాడూ చలిలో కూర్చోబెట్టలేదు."

ఆ మాట పూర్తయిన కాసేపటికే హీటింగ్ ఆగిపోయింది.

ఫైర్ ఆఫీసర్ వచ్చి సంగతి చెప్పాడు. కృష్ణకుమారి కిటికీలోంచి చూసింది. పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్ప. బయటికి పరుగెత్తింది.

"ఏంటి నాన్నా ఇది?"

"నీ మొదటి బోరు కదమ్మా, ఉత్త నేల మీద ఎలా వేయిస్తాను? ఫైరింజన్లు కూడా పంపించారు, ప్రారంభోత్సవం బాగానే చేస్తున్నారు."

కోప్పడాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. చెప్పకపోతే లేని లైను కోసం సాయంత్రం దాకా తవ్వుతారు. చెబితే పథకం పోతుంది. లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

హారిస్ అప్పటికి మఫ్లర్ చెవుల దాకా చుట్టుకున్నాడు. "గ్యాస్ మళ్లీ ఎప్పుడిస్తారు?"

"ప్రతి బిల్డింగూ చెక్ చేశాకే," అన్నాడు ఆఫీసర్.

"అంటే వంటింటి పసుపు చిటికెడు పడితే ఊరి హీటింగ్ ఆగిపోతుందా?"

"ఇవాళ ఆగింది సర్," అంది కృష్ణకుమారి.

"అయితే వేళ్లు కొంకర్లు పోకముందే ఓటింగ్ పెట్టండి."

అందరికన్నా ముందు లేచిన చెయ్యి ఆయనదే, గ్లౌజుతో సహా.

మర్నాడు బోరు మొదలైంది. సిటీవారు కొబ్బరికాయకు అనుమతిచ్చారు, పసుపు కుంకుమలకు ఇవ్వలేదు.