చాంబర్‌కి ఇరవై బోల్టులు

ఆదివారం పొద్దున్న ఏడింటికి గ్లోబు మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కారు కింద దూరాలి, చిట్లిపోయిన ఆయిల్ చాంబర్ విప్పాలి, కొత్తది బిగించాలి, స్నానం చెయ్యాలి, నాలుగింటికి కొనేవాళ్లు రాగానే నవ్వుతూ తాళాలు చేతిలో పెట్టాలి. ఈ మొత్తంలో ఆయనకు కష్టమనిపించింది ఆ నవ్వడం ఒక్కటే.

ఆ కారు ఆయన బడిలో భూగోళం చెప్పడానికి చేరిన మూడో ఏట ఇంటికొచ్చింది. ఎర్ర రంగు, గుడ్డ టాపు, రెండే సీట్లు. అప్పటికి ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి సరిపోయింది. అమ్మాయి పుట్టాక ఆ కుటుంబం ఎక్కడికెళ్లినా రెండు విడతల్లో వెళ్లేది. ముందు ఆయన భార్యను దింపేవారు, మళ్లీ వెనక్కెళ్లి అమ్మాయిని తెచ్చేవారు. ఈలోగా ఆవిడ పెళ్లివారి గేటు దగ్గర నిలబడి "వస్తున్నారండీ, రెండో ట్రిప్పులో ఉన్నారు" అని అడిగిన ప్రతివాళ్లకీ చెప్పేది. వానొస్తే టాపు సగం దాకా వచ్చి ఆగిపోయేది. తడిసేది ఎప్పుడూ ఆవిడ వైపే.

ఆవిడను వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. పడగ్గదిలో మంచానికీ బీరువాకీ మధ్య మిషను వేసుకుని పాతికేళ్లుగా కుడుతోంది. నెల కిందట మాస్టారు కొత్త స్పీడ్ బ్రేకర్ మీద కారు అడుగు గీకించి, నూనె చుక్కలతో దారంతా గుర్తులు పెట్టుకుంటూ ఇల్లు చేరారు. ఆ రాత్రి అన్నం తింటూ, "అమ్మేద్దామేమోయ్? షెడ్డు ఖాళీ అయితే నీకు కటింగ్ టేబుల్ పడుతుంది," అన్నారు. వద్దంటుందని ఆయన ఆశ. ఆ కారులోంచి లేవడానికి ఆయన మోకాళ్లు ఎంత మూలుగుతున్నాయో రోజూ వింటున్న ఆవిడ, పాపం పైకి చెప్పుకోలేకపోతున్నారనుకుని, "మీ ఇష్టమండీ, అమ్మేయండి," అంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు త్యాగం చేసేసి, ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు.

అమ్మకం ప్రకటన రాసింది అమ్మాయి. సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆ నాలుగు లైన్లూ నాలుగుసార్లు చెరిపేసి, ఐదోసారి కళ్లు మూసుకుని పోస్ట్ చేసింది. రెండో రోజే ఒక పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు.

ఎనిమిదింటికి టైలరమ్మ తమ్ముడు గొలుసు కప్పీ భుజానేసుకుని దిగాడు. లిఫ్టులు బాగుచేయడం ఆయన వృత్తి కాబట్టి అమ్మాయికి లిఫ్టు మామయ్య. చాంబరంటే ఇంజిన్ అడుగున నూనె నిలవుండే ఇనుప తొట్టి. దాని ముందు ఒక దూలం అడ్డం ఉండటంతో ఇంజిన్ను రెండంగుళాలు పైకి లేపితే తప్ప అది బయటికి రాదు.

"పైకెత్తడం నాకొదిలెయ్ బావా. ఇరవయ్యేళ్లుగా మనుషుల్ని పదో అంతస్తుకి ఎత్తుతున్నా. ఇంజినొక లెక్కా?"

"మధ్యలో ఎవరూ ఇరుక్కోలేదా?"

"ఇరుక్కుంటే తీశాంగా!"

అమ్మాయి ఒక అట్టముక్క మీద చాంబర్ బొమ్మ గీసి, ఇరవై కన్నాలు పొడిచి, పక్కన నంబర్లేసింది. మాస్టారు విప్పిన ప్రతి బోల్టూ దాని స్థానంలో గుచ్చింది. మామయ్య గొలుసుతో ఇంజిన్ను ఎత్తి ఉంచాడు. ఇరవయ్యో బోల్టు రాగానే చాంబర్ మాస్టారి గుండెల మీద పడింది, మిగిలిన నూనెతో సహా. పదింటికి కాఫీ కోసం పని ఆపారు.

అసలు కథ ఆ కాఫీ దగ్గరే మొదలైంది.

"కళ్లజోడు మర్చిపోయా," అంటూ మాస్టారు షెడ్డులోకి వెళ్లి, ఏడో నంబరు బోల్టు తీసి కళ్లజోడు డబ్బాలో వేసుకున్నారు. దాని మరచుట్లు పాతకాలపువి. అలాంటి బోల్టు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. ఒక్కటి లేకపోయినా నూనె కారుతుంది. నూనె కారే కారు ఎవరూ తీసుకెళ్లరు. ఒక్క వారం గడువు దొరికితే చాలు, అంతకన్నా ఆయన అడగలేదు.

తర్వాత టైలరమ్మ కప్పులకోసమంటూ షెడ్డులోకి వచ్చింది. ఆవిడకూ సరిగ్గా అదే ఆలోచన వచ్చింది. పన్నెండో నంబరు బొత్తాల డబ్బాలోకి వెళ్లింది.

చివరికి అమ్మాయి కూడా అదే ఆలోచనతో, ఫోటో తీసే వంకన వచ్చింది. అట్టను ఒక్క క్షణం సరిగ్గా చూసినా రెండు ఖాళీలు కనబడేవి. కానీ దొంగతనం చేసేటప్పుడు ఎవరూ లెక్క చూసుకోరు. పంతొమ్మిదో నంబరు ఇయర్‌ఫోన్ల డబ్బాలో పడింది.

చేతులు కడుక్కుని వచ్చిన మామయ్య లెక్కపెట్టాడు. "బావా, పదిహేడే ఉన్నాయి."

"పదిహేడా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. పంతొమ్మిది ఉంటాయని ఎవరికి వాళ్లకి గట్టి నమ్మకం మరి.

"ఇంజిన్లోకి పోయుంటాయి."

"మామయ్యా, ఇంజిన్ తెరిచుంది కిందవైపు. కింద నుంచి పైకి బోల్టు ఎలా పడుతుంది?"

"నువ్వు కంప్యూటర్లో చూసే ప్రపంచం వేరమ్మా. ఒకాయన చెప్పు కింది అంతస్తులో లిఫ్టు సందులో జారిపోతే నేను ఏడో అంతస్తులో తీశా. మిషన్లో పడ్డది ఎటైనా పోతుంది."

తన బోల్టు ఎక్కడుందో ముగ్గురిలో ప్రతివాళ్లకీ తెలుసు. మిగతా రెండూ ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. నిజంగానే ఇంజిన్లో ఉంటే?

మామయ్య దారానికి అయస్కాంతం కట్టి లోపలికి వదిలాడు. రాలేదు. ఫ్యాన్ విప్పాడు. ఫ్యాన్ అడ్డం తీశాక రేడియేటర్ అడ్డమైంది. రేడియేటర్ని పూలకుండీల మీద ఆరబెట్టాడు. కార్బురేటర్లు రెండూ ఇస్త్రీ బల్ల మీదికి చేరాయి. లోపలికి వెలుతురు చాలడం లేదని ముందు చక్రాలు తీసి గేటుకి ఆనించాడు.

"ఒరేయ్, వెలుతురికీ చక్రాలకీ ఏంట్రా సంబంధం?" అంది టైలరమ్మ.

"పక్కనుంచి టార్చి వేస్తానక్కా. నువ్వు భయపడకు, విప్పింది బిగించడం ఎంతసేపు?"

రెండింటికి సీట్లు వరండాలోకి వచ్చాయి. ఎడమ సీటు అంచున వానకు రంగు వెలిసిన చోట టైలరమ్మ ఎప్పుడో వేసిన కుట్టు ఇంకా గట్టిగా ఉంది. ఆవిడ దాన్ని వేలితో తడిమి లోపలికెళ్లిపోయింది. మాస్టారు డబ్బా తీసి చేతిలో పట్టుకోవడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం మూడుసార్లు జరిగింది. ఇప్పుడు చెబితే బావమరిది ముందు పరువు పోతుంది. చెప్పకపోతే కారు పోతుంది.

"ఏమోయ్, నీకేం కనబడలేదుగా షెడ్డులో?"

"నాకేం కనబడుతుంది? నేను కప్పులకోసం వచ్చా. మీకు కనబడిందా?"

"నేను కళ్లజోడు కోసం వచ్చా."

నాలుగింటికి డాక్టరు ట్రక్కు వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర చక్రాలు, కుండీల మీద రేడియేటర్, వరండాలో సీట్లు, గొలుసుకి వేలాడుతున్న ఇంజిన్. మాస్టారు కళ్లు దించుకున్నారు. ముగ్గురి గుండెల్లోనూ ఒకటే మొక్కు: వద్దనెయ్, వెళ్లిపో.

డాక్టరు ముఖం వెలిగిపోయింది.

"అద్భుతం సార్! నా దగ్గర ఇలాంటిదే ఇంకోటి ఉంది. దానికి విడిభాగాల కోసమే మీది తీసుకుందామనుకున్నా. మీరే విప్పేసి ఉంచారా! వారమంతా పీకుడే నా పని, ఆదివారం కూడా పీకాలా అని ఏడుస్తూ వచ్చా."

"మరి మిగతా బండి?" అంది అమ్మాయి.

"పాత ఇనుముకే వేసేస్తా. ఈ విప్పినవీ, స్టీరింగూ, తలుపులూ చాలు నాకు."

ఆయన స్టీరింగ్ మీద చెయ్యేశాడు.

"చెయ్యి తియ్యండి," అంది టైలరమ్మ. "అమ్మం."

మాస్టారు తెల్లబోయారు. "అదేంటి, నీకు షెడ్డు కావాలిగా?"

"నేనడిగానా? మీ మోకాళ్లని చూసి సరేనన్నా. నా సగం జీవితం గేట్ల దగ్గర నిలబడి రెండో ట్రిప్పు కోసం ఎదురుచూడటంతోనే పోయింది. అందరూ భోజనాలకి లేచిపోతుంటే నేను మాత్రం మలుపు వైపే చూస్తుండేదాన్ని, ఎప్పుడు హారన్ వినబడుతుందా అని. దాన్ని తలుపు తలుపుగా పీకేస్తారా?" అంటూ బొత్తాల డబ్బా వరండా గట్టు మీద బోర్లించింది. బొత్తాల మధ్య బోల్టు టంగుమంది.

మాస్టారు కళ్లజోడు డబ్బా తెరిచి పక్కన రెండోది పెట్టారు. అమ్మాయి మూడోది పెట్టి, "నేను ఫోటో కోసం వచ్చా," అంది నీరసంగా.

మామయ్య ఆ మూడింటినీ, తన నూనె చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు. "అయితే పొద్దున్నుంచి నేను దేనికోసం వెతుకుతున్నా?"

"మేమూ అదే భయపడుతూ చూస్తున్నాంరా," అంది అక్కగారు.

డాక్టరుకి కోపం రావాలి. కానీ ఆయన బోల్టుల వంక కాదు, కుండీల వంక చూస్తున్నాడు. "పోనీలెండి, ఎవరి ప్రాణం వాళ్లది. ఇంత శుభ్రంగా విప్పింది మాత్రం ఎవరు?"

"నేనే," అన్నాడు మామయ్య ఛాతీ విరిచి.

"నాది బాగానే నడుస్తోంది. చిన్న శబ్దమొకటి వస్తోందంతే. ఒకసారి చూస్తారా?"

"శబ్దమా! పైనుంచి చూస్తే ఏం తెలుస్తుందండీ, విప్పితే తెలుస్తుంది. పదండి, స్పానర్లు నా దగ్గరే ఉన్నాయి."

ట్రక్కులో డాక్టరు పక్కన మామయ్య దర్జాగా కూర్చున్నాడు. ముగ్గురూ వీధి చివరిదాకా వెళ్లి మరీ సాగనంపారు. డాక్టరు గారిని ఒక్క ముక్క హెచ్చరించాలని ముగ్గురికీ అనిపించింది కానీ, వెళ్లేవాళ్లని వెనక్కి పిలవడం మర్యాద కాదని ఊరుకున్నారు.