రెండువందల ఇరవై ఐదు శాతం

ఆ రోజు ఇంట్లో తండ్రి సత్యానందం, తల్లి నాగరత్నం, నాయనమ్మ మంగతాయారు, అన్న కిరీటి, పదో తరగతి చదువుతున్న కుసుమ ఉన్నారు. ఉదయం కంప్యూటరుకు కొత్త మానిటర్ బిగించగానే ఐదుగురూ ఉన్న ఎత్తులో సగానికి తగ్గారు. ఎక్కువ రిజల్యూషన్ ఉన్న తెర పెడితే దాని మీది అక్షరాలతో పాటు ఆ ఇంటి మనుషులు కూడా చిన్నవడం మామూలే కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. నాగరత్నం పీట మీద పీట వేసుకుని పప్పు దించింది. మంచం ఎక్కలేక మంగతాయారు చాప పరుచుకుంది.

పదకొండు గంటలకు సైజు సరిచేసే ఉద్యోగి దయాకర్ వచ్చాడు. పరాయి మగవాడు వస్తే ఆడపిల్ల గుమ్మం పక్కకు జరగడం ఆ ఇంటి అలవాటు. కుసుమ జరిగింది.

దయాకర్ రెండువందల శాతం పెట్టాడు. అందరూ మునుపటి ఎత్తుకు వచ్చారు. ఇల్లు ఐదుగురికీ సరిగ్గా సరిపోయింది. అక్షరాలు మాత్రం ఇదివరకటి కంటే నున్నగా ఉన్నాయి.

"ఇదైతే హాయిగా ఉంటాదండి," అన్నాడు దయాకర్.

"అదే సైజుకైతే కొత్తదెందుకయ్యా?" అన్నాడు సత్యానందం. "ఎదురింటి గంగరాజు ఇంకో ఇరవై ఐదు పెంచుకున్నాడు. నిన్న నాతో మాట్లాడ్డానికి వంగాడు. వంగాడయ్యా!"

"పెంచొచ్చండి. మనుషులు పెరుగుతారు గానీ తెర పెరగదు కదండీ. అంచున ఉన్నది బయటికి పోద్ది."

"అంచున ఏముందిలే."

"నాకు కళ్లజోడు లేకుండా పంచాంగం కనబడాల్రా," అంది మంగతాయారు.

కుసుమకు విషయం అర్థమైంది. అక్షరం పెంచినకొద్దీ చివరి వరుస తెర దాటిపోవడం ఆమె బడిలో చూసింది. నాలుగడుగులు లోపలికి వేస్తే చాలు. కానీ దారిలో దయాకర్ ఉన్నాడు. అతన్ని రాసుకుంటూ వెళ్లడం బాగుండదు. ఆమె ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మారింది. మూడుసార్లు నోరు తెరిచి మూసింది. నాలుగోసారి, "రెండువందలు చాలు నాన్నా," అంది.

దయాకర్ తన కాగితంలో రాసుకున్నాడు: అభ్యంతరం ఒకటి, శబ్దం చాలలేదు.

రెండువందల ఇరవై ఐదు పెట్టగానే సత్యానందం తల ఫ్యానుకు జానెడు దూరంలోకి వెళ్లింది. అంచున ఉన్న కుసుమ గుమ్మం బయట అరుగు మీదకు వచ్చేసింది. లోపలికి రాబోయింది గానీ, అడుగు పెట్టాల్సిన చోట అన్న పాదం ఉంది.

ఈ మార్పు ఉంచాలా అని తెర అడిగింది. పదిహేను సెకన్లలో ఎవరూ నొక్కకపోతే పాత సైజు వచ్చేస్తుంది.

"కుసుమేదిరా?" అంది మంగతాయారు, తెర మీద తగ్గుతున్న అంకె తొమ్మిది దగ్గర ఉండగా.

"ఇక్కడే ఎక్కడో ఉంటాదిలేమ్మా. ఎక్కడికి పోద్ది?" అన్నాడు సత్యానందం.

"తెర పక్కకి జరిపి చూసుకుంటే కనబడతారండి," అన్నాడు దయాకర్.

నాలుగు దగ్గర సత్యానందం 'ఉంచు' నొక్కాడు. దయాకర్ కాగితంలో సభ్యులు నలుగురు, అందరికీ సౌకర్యం అని ఉన్నచోట సంతకం చేశాడు. దయాకర్ బయటికి వస్తూ, "కాస్త జరగమ్మా," అన్నాడు. కుసుమ జరిగింది.

నాగరత్నం అలవాటుగా ఐదు కంచాలు తీసి, వేయడానికి చోటు చాలక, ఒకటి లోపల పెట్టేసింది.

"అమ్మా, తెర మీద ఎండ పడతంది," అన్నాడు కిరీటి.

నాగరత్నం గుమ్మం దగ్గరకు వచ్చి తలుపు తోసింది. తలుపు చివరిదాకా వచ్చి ఆగింది. ఆమె కిందికి చూసింది.

"కాలు తియ్యి తల్లీ, తలుపు పడట్లేదు."

కుసుమ కాలు తీసింది. తలుపు పడింది.