పదమూడో పెట్టె

మామగారికి మతిమరుపు లేదు. ఆ ఇంట్లో మిగతావాళ్ళ కష్టమంతా అదే. ఏ వానకి ఎవరు కిటికీ తెరిచి వదిలేశారో, ఎవరి చేతిలో ఏ గాజుగ్లాసు పగిలిందో తేదీతో సహా చెబుతారు. ముప్పై రెండేళ్ళు రైల్లో గార్డుగా చేసిన మనిషి. ఆఖరి పెట్టెలో కూర్చుని ముందున్న పెట్టెలు లెక్కపెట్టి లెక్కపెట్టి, రిటైరయ్యాక ఇంట్లోవాళ్ళ తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఆ వరసలో మొట్టమొదటిది కోడలిది. మేడమీద గదిలో ఆయన సొంతంగా కట్టుకున్న బొమ్మ రైలు ఉంది. గదంత బల్ల, దానిమీద గుండ్రంగా పట్టాలు, సుద్దతో పోసిన కొండ, కొండలో సొరంగం. పదకొండేళ్ళ క్రితం కోడలు ఆ గది ఊడ్చిన రోజునే, బండి చివర ఉండవలసిన ఆకుపచ్చ గార్డు పెట్టె కనిపించకుండా పోయింది. చెత్తతోపాటు పారేసిందని ఆయన తేల్చేశారు. అప్పటినుంచీ ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళకన్నా ముందు ఆ కథ అందేది. ఆయన స్నేహితుడు, రిటైరైన ఇంజను డ్రైవరుగారైతే, "పెట్టె పారేసిన కోడలివి, బావున్నావా అమ్మా" అనే పలకరించేవారు.

ఆ సాయంత్రం డ్రైవరుగారు బండి చూడడానికి వస్తున్నారు. పాత ప్లాస్టిక్ కొక్కేలు విరిగిపోతున్నాయి గనక, పొద్దున్నే ఇంజనుకీ పన్నెండు వ్యాగన్లకీ కొత్తవి బిగించేయాలని ఏర్పాటు. కొక్కేలు తెప్పించిన కొడుకు ఫోనులో బొమ్మ చూసి ఏదో ఒకటి ఆర్డరిచ్చేసి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. మామగారి వేళ్ళు వణుకుతాయి. కాబట్టి పని కోడలి మీద పడింది. ఇది కూడా చెడితే తన పేరు వెనక ఇంకో కథ చేరుతుందని ఆమెకి తెలుసు. అందుకే డబ్బాలో ఉన్న కాగితం ముందుగా చదివింది.

"మామయ్యగారూ, వీటిలో అయస్కాంతం ఉందిట. ఎర్రచుక్క ఉన్నది ముందు వైపుకీ..."

"కాగితాలు చదివి బండ్లు నడుపుతారా అమ్మాయ్? నేనిచ్చింది ఇచ్చినట్టు బిగించు."

కోడలు నోరు మూసుకుంది. నోరు మూసుకోవడంలో ఆమెకి పదకొండేళ్ళ అనుభవం. మడిచిన తువ్వాలు మీద వ్యాగన్ని బోర్లించి, ఆవగింజంత స్క్రూ విప్పి, పాత కొక్కెం లాగేసి, ఆయన ఏది అందిస్తే అది పెట్టి బిగించింది. ఎర్రచుక్కలు ఎటు పడితే అటు పోయాయి.

బయట ఆకాశం బూడిదరంగులో ఉంది. ఎండకి పట్టాలు వంకర పోతాయని ఆ గది కిటికీకి ఎప్పుడూ తెర వేసే ఉంటుంది. బల్ల మీది బొమ్మ స్టేషన్లో ముఖాలకి రంగు వెయ్యని ప్రయాణికులు పదిమంది, ఎప్పుడో రావలసిన బండి కోసం సొరంగం వైపే చూస్తూ నిలబడి ఉన్నారు.

పని అయ్యాక వ్యాగన్లని పట్టాల మీద జానెడేసి దూరంలో వరసగా నిలబెట్టి, బల్ల దుమ్ము తుడిచి, ఇద్దరూ కాఫీకి కిందికి దిగారు. తిరిగొచ్చేసరికి వ్యాగన్లు రెండేసి, మూడేసి గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎవరితోనూ పడనట్టు దూరంగా వెళ్ళి నిలబడింది.

"నా బండి ఎవరు ముట్టుకున్నారు?"

"నేను మీ ఎదురుగానే కాఫీ కలుపుతున్నాను కదండీ." బల్ల తుడిచినప్పుడు కుదిపింది తనేనని కోడలికి తెలుసు. కుదిపితే చాలు, మిగతాది అయస్కాంతాలు చూసుకుంటాయి. కానీ ఆయన కాగితాలు చదివే మనిషి కాదు కదా.

మాటలు విని అత్తగారు కుట్టుపని చేత్తో పట్టుకుని పైకొచ్చారు. సూది ఒక్క క్షణం బల్ల అంచున పెట్టి, కుడుతున్న జాకెట్టు దులిపి చూస్తే సూది లేదు. వెతగ్గా వెతగ్గా, దూరంగా నిలబడ్డ ఆ వ్యాగను కొసన తిన్నగా, గాలిలో వేలు చాపినట్టు సొరంగం వైపు చూపిస్తూ కనిపించింది.

అత్తగారు సూది తియ్యకుండానే వెనక్కి జరిగారు. "ఏవండీ, అదే వచ్చింది."

"ఏదే?"

"ఆ పోయిన పెట్టె."

"పెట్టెకి ఆత్మేమిటే, నీకు మతిపోయిందా?"

"పదకొండేళ్ళుగా పొద్దునా సాయంత్రం తలుచుకుంటుంటే రాకేం చేస్తుంది? ఎంత మొహమాటపెట్టారు దాన్ని."

కోడలు నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుని కొండ అవతలికి తిరిగింది.

మామగారు తేల్చుకోవాలన్నట్టు వ్యాగన్లన్నీ ఇంజను వెనక వరసగా చేర్చి, ఈల వేసి, స్విచ్చి తిప్పారు. బండి సొరంగంలోకి వెళ్ళింది. గార్డు బుద్ధి ఎక్కడికి పోతుంది, పన్నెండు లెక్కపెట్టారు. అవతల బయటికొచ్చినవి పదకొండు.

బండి ఆగకుండానే మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి సొరంగంలోంచి ముందు ఇంజను రాలేదు. పోయిన పన్నెండో వ్యాగను ఒక్కటే, తోసేవాళ్ళూ లాగేవాళ్ళూ లేకుండా, మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక వేలెడు ఎడంగా ఇంజను. మధ్యలో ఏమీ లేదు. వ్యాగను ఆగితే ఇంజను దగ్గరపడేది, దగ్గరపడగానే వ్యాగను ఉలిక్కిపడినట్టు ముందుకి జరిగేది.

అత్తగారు నేల మీద కూలబడ్డారు. మామగారి ముఖం సుద్దకొండ రంగులోకి వచ్చింది. అయస్కాంతాల ఒకే రకం కొసలు ఎదురెదురుగా పడితే ఒకదాన్నొకటి తోసుకుంటాయని ఆ కాగితంలో రెండో పేరాలో ఉంది. ఇంక చెప్పేద్దామా అనుకుంది కోడలు. ఇంకొక్క చుట్టు చూసి చెబుదామనుకుంది.

మామగారు పన్నెండో వ్యాగన్ని తిప్పి, చివర తగిలించారు. ఈసారి బండిని చీమ నడక నడిపించారు. "కళ్ళు మోసం చేస్తున్నాయి. చెవులు చెయ్యవు," అని కళ్ళు మూసుకున్నారు. కొండ లోపల పట్టాల అతుకు మీద చక్రాలు టక్కు టక్కుమంటున్నాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి. పది. పదకొండు. పన్నెండు.

టక్కు.

"పదమూడు," అన్నారు మామగారు కళ్ళు తెరవకుండా.

కోడలి నవ్వు ఆగిపోయింది. పదమూడు గురించి కాగితంలో లేదు. సొరంగంలోంచి గోరుతో పలక గీసినట్టు కీచుమనే చప్పుడు వస్తోంది. ఇంజను వచ్చింది. పన్నెండు వ్యాగన్లూ వచ్చాయి. వాటి వెనక, ఒళ్ళంతా బూజుతో, తిరగని చక్రాన్ని ఈడ్చుకుంటూ ఆకుపచ్చ గార్డు పెట్టె వచ్చి, ముఖాల్లేని ప్రయాణికుల ముందు ఆగింది.

కోడలే వెళ్ళి దాన్ని తీసింది. చల్లగా ఉంది. ప్లాస్టిక్ కొక్కేలు రాకముందటి దాని ఇనప కొక్కేన్ని పన్నెండో వ్యాగను అయస్కాంతం గట్టిగా పట్టుకుని ఉంది. ఇరుసుకి దారంతో కట్టిన చిన్న చీటీ వేలాడుతోంది.

"చదువమ్మాయ్," అన్నారు మామగారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

"'చక్రం పట్టేసింది. మరమ్మతుకి. సొరంగంలో పక్క లైనులో, అసలు లైను కలిసేచోటికి దగ్గరగా నిలిపాను.' కింద తేదీ, మీ సంతకం." ఒక్క క్షణం ఆగింది. "నేను గది ఊడ్చింది దీని మర్నాడు మామయ్యగారూ."

అత్తగారు లేచి నిలబడ్డారు. దెయ్యం భయం ఎటు పోయిందో పోయింది. "సొరంగంలో పక్క లైనుందా? ఎవరేశారండీ?"

మామగారు కోడలి చేతిలోంచి పెట్టె తీసుకున్నారు. అంతలో కింద గుమ్మంలోంచి డ్రైవరుగారి గొంతు వినిపించింది. మెట్లెక్కుతూనే మొదలుపెట్టారు. "ఏమ్మా, పెట్టె పారేసిన కోడలివి..."

"ఆగరా," అన్నారు మామగారు. గుమ్మం దాకా నడిచి, గార్డు పెట్టెని రెండు చేతులా పట్టుకుని చూపించారు. "అమ్మాయి పారెయ్యలేదు. నేనే లోపల పెట్టి మర్చిపోయాను. పదకొండేళ్ళు ఆ నింద ఈ పిల్ల మీద వేశాను. తప్పు నాదిరా."

డ్రైవరుగారు మెట్టు మీదే నిలబడిపోయారు. మామగారు కోడలి వైపు తిరిగి మెల్లగా అడిగారు. "కానీ అది తనంత తాను ఎలా వచ్చిందమ్మా?"

కోడలు కొక్కేల డబ్బాలోని కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. పదకొండేళ్ళు కాకపోయినా, పదకొండు రోజులైనా ఆగి చెబుదామనుకుంది.